బెల్లం పూసిన పదం

పదానికి అర్థం ఎలా తెలుస్తుందన్న ప్రశ్న పైకి భాషాశాస్త్రానికి చెందినదిగానే కనిపిస్తుంది గాని, భారతీయ దర్శనాలలో అది ధర్మజిజ్ఞాసతో ముడిపడి పెరిగిన ప్రశ్న. ధర్మానికి వేదమే ప్రమాణమని నమ్మిన మీమాంసకులకు ఆ వేదం శబ్దరూపంలోనే లభిస్తుంది కనుక, శబ్దం ఏ శక్తితో అర్థాన్ని అందిస్తుందో, ఆ శక్తి మనిషికి మొట్టమొదట ఎలా పట్టుబడుతుందో తేల్చకుండా ధర్మం గురించి ఒక్క మాటా స్థిరంగా చెప్పడానికి వీలులేకపోయింది. ఆ మొట్టమొదటి ఘట్టాన్ని వెదుకుతూ వెళ్లిన మీమాంసకులూ నైయాయికులూ చేరినది ఇంకా మాటలు పూర్తిగా రాని పసివాడి దగ్గరికి. యజ్ఞవిధులను విచారించే గ్రంథాలలోనూ, తర్కశాస్త్ర గ్రంథాలలోనూ, పెద్దల మాటలు వింటూ ఆవునూ గుర్రాన్నీ మార్చి మార్చి చూసే బాలుడొకడు తరచుగా ఎదురవడానికి కారణం ఇదే.

ఆ బాలుడి స్థానంలో నేడు నర్సీపట్నంలో ఇంగ్లీషు నేర్చుకునే ఎనిమిదేళ్ల పిల్లను నిలిపి చూస్తే పాత ప్రశ్నకు కొత్త పదును వస్తుంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో, లంబసింగి, చింతపల్లి కొండలకు దారితీసే ఈ పట్టణం మైదానానికీ మన్యానికీ మధ్య గుమ్మం వంటిది. ఇక్కడి పిల్లలకు ఇంగ్లీషు బడిలో ఎదురయ్యే భాషే తప్ప, వంటింట్లోనో పొలం గట్టునో పెద్దలు ఒకరితో ఒకరు మాట్లాడుకోగా చెవిన పడే భాష కాదు. ఆ కొరతను తీర్చే సాధనంగానే తెర మీది ఆట వచ్చింది. ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి విద్యార్థులకు 2022 డిసెంబరులో ట్యాబ్‌లు పంచారు. 2023 నుంచి ఉన్నత పాఠశాలల గదులలో ఇంటరాక్టివ్ ఫ్లాట్ ప్యానెళ్లు, ప్రాథమిక పాఠశాలలలో స్మార్ట్ టీవీలు అమర్చడం మొదలైంది. వీటన్నిటికంటే ముందే తల్లిదండ్రుల ఫోన్ పిల్లల చేతికి చేరింది. గూగుల్ సంస్థ 2019లో ‘బోలో’ పేరుతో మన దేశంలో ప్రారంభించి తరువాత ‘రీడ్ అలాంగ్’గా పేరు మార్చిన యాప్‌లో, దియా అనే బొమ్మ పిల్లలు చదివేది విని, తప్పును సవరించి, సరిగా చదివినందుకు నక్షత్రాలు ఇస్తుంది. కహూట్ వంటి క్విజ్ ఆటలలో ప్రశ్నకు సరైన రంగు గడిని అందరికంటే ముందు నొక్కినవారికి ఎక్కువ పాయింట్లు వస్తాయి. బొమ్మను పదంతో జతపరచడం, చెదిరిన అక్షరాలను పేర్చడం, ఖాళీలో సరైన మాటను లాగి పెట్టడం అనేవి ఇటువంటి ఆటలకు సాధారణమైన రూపాలు. ఇవి పనిచేస్తాయా అన్నది ఉపాధ్యాయులు అడిగే ప్రశ్న. పనిచేసినప్పుడు పిల్లకు నిజంగా దక్కేది పదార్థమా, లేక పదానికి అంటించిన బొమ్మ మాత్రమేనా అన్నది దర్శనం అడగవలసిన ప్రశ్న.

తర్కసంగ్రహమనే చిన్న గ్రంథంతో న్యాయశాస్త్రాన్ని దేశమంతటా ప్రథమ పాఠంగా చేసిన తెలుగువాడు అన్నంభట్టు, ఆ గ్రంథానికి తానే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలో ఈ విషయాన్ని విచారించాడు. పదానికి అర్థాన్ని బోధించే సామర్థ్యాన్ని శాస్త్రం ‘శక్తి’ అంటుంది. దానిని తెలుసుకోవడం ‘శక్తిగ్రహం’. అది వృద్ధవ్యవహారం వల్ల కలుగుతుందని అన్నంభట్టు చెప్పాడు. వృద్ధులంటే ఇక్కడ ముసలివారు కారు, భాష ఎరిగిన పెద్దలు; వ్యవహారమంటే వారు మాటలతో నడుపుకునే పని. పెద్దవాడొకడు మరొకరితో ఆవును తీసుకురమ్మంటాడు. ఆ రెండవవాడు వెళ్లి ఆవును తెస్తాడు. పక్కన నిలబడిన పిల్లవాడు మాటనూ వింటాడు, పనినీ చూస్తాడు, ఆ మాట వల్లనే ఈ పని జరిగిందని ఊహిస్తాడు. అయితే ఆ ధ్వనిసముదాయంలో ఏ ముక్క ఆవుకు చెందినదో, ఏ ముక్క తేవడానికి చెందినదో వాడికి అప్పుడే తెలియదు. మరొకసారి గుర్రాన్ని తెమ్మనీ, ఆవును కట్టివేయమనీ వినబడినప్పుడు, ఏ ముక్క వచ్చి చేరితే ఏ వస్తువు కదిలిందో, ఏ ముక్క తొలగితే ఏ పని ఆగిందో పోల్చుకుని పదాలను విడదీసుకుంటాడు. ఈ చేర్పు తీసివేతలకే ‘ఆవాపోద్వాపాలు’ అని పేరు.

ఈ ఘట్టంలో ఒక అంశం మీద చూపు నిలపడం అవసరం. ఆవును తెమ్మన్న మాట పిల్లవాడితో అన్నది కాదు. పెద్దవాడు పాఠం చెప్పడం లేదు. పాలు పితకడానికో మేతకు తోలడానికో అతడికి నిజంగా ఆవు కావాలి. మాట విన్నవాడు పరీక్ష రాయడం లేదు. చెప్పిన పని చేస్తున్నాడు. పిల్లవాడు ఆ ఇద్దరి అవసరం అంచున నిలబడి, తనను ఉద్దేశించని మాటలోనుంచి తన భాషను ఏరుకుంటున్నాడు. అర్థం ఉన్న చోట ఎవరికో ఒకరికి ఆ వస్తువుతో పని ఉంది. పదాలు నేర్పడానికి తయారుచేసిన ఆటలో ఈ భాగమే లుప్తమవుతుంది: తెర మీద ఆవు బొమ్మ కదులుతుంది, ఇంగ్లీషు మాట వినబడుతుంది, గంట మోగుతుంది, కాని ఆవు కావలసినవాడు ఎవడూ ఉండడు. మాట నేర్పడం కోసమే మాట పలుకుతుంది. తెర ఆటల మీద సాధారణంగా వినవచ్చే ఆక్షేపణలు, అంటే కళ్లకు చేటు, కాలహరణం వంటివి, ఎంత నిజమైనా బయటి విషయాలు. లోపలి కొరత ఇది.

అయినా ఆటకు న్యాయం చేయవలసి ఉంది. ఆవాపోద్వాపాలను ఇంత ఓపికగా నడిపే ఉపాధ్యాయుడు మరొకరు దొరకరు. ఒక వాక్యంలో ఒక్క పదాన్ని మార్చి, దానికి తగినట్టు బొమ్మలో ఒక్క వస్తువును మార్చి, అరవైసార్లయినా విసుగులేకుండా చూపగలగడం మనిషికి కష్టం, యంత్రానికి సులభం. మరచిపోయే సమయానికి అదే పదాన్ని తిరిగి ముందుకు తేవడం కూడా అటువంటిదే. వేదాధ్యయనంలోని ఆవృత్తి, వీధిబడిలోని వల్లెవేత ఈ అవసరాన్ని తీర్చినవే. అయితే బొమ్మ ఒక్కటే అయినప్పుడు చిక్కు వస్తుంది. పదం వ్యక్తిని చెబుతుందా, జాతిని చెబుతుందా అన్నది ప్రాచీనమైన వివాదం: ఆవు అన్న మాటకు ఎదుటనున్న ఈ ఆవు అర్థమా, ఆవులన్నిటిలోనూ ఉండే గోత్వం అర్థమా అని. మీమాంసకులు జాతినే అర్థమన్నారు. నైయాయికులు జాతితో కూడిన వ్యక్తి అన్నారు. కేవలం ఒక వ్యక్తి మాత్రమే అర్థమైతే రెండవ ఆవును చూసినప్పుడు మాట పనికిరాకుండా పోతుందని ఇరువురూ ఎరుగుదురు. ప్రతిసారీ తెల్లని ఒంటి మీద నల్ల మచ్చలున్న విదేశీ ఆవు బొమ్మనే చూపే ఆటలో పిల్ల నేర్చుకునేది గోత్వాన్ని కాదు, ఆ బొమ్మను. నర్సీపట్నం రోడ్డు మీద అడ్డంగా పడుకున్న మూపురపు ఆవును చూసి ఆ ఇంగ్లీషు మాట పిల్ల నోట రాకపోతే, లోపం పిల్ల జ్ఞాపకశక్తిది కాదు. మన్యం అనాసనూ పనసనూ సీతాఫలాన్నీ ఎరిగిన పిల్లకు ఇగ్లూతోనూ మంచు బొమ్మతోనూ అక్షరమాల మొదలుపెట్టడంలోనూ ఇదే పొరపాటు ఉంది: తెలియని మాటను తెలియని వస్తువుతో ముడివేస్తే రెండూ గాలిలోనే ఉంటాయి.

వాక్యం ముందా పదం ముందా అన్నది రెండవ వివాదం. మీమాంసకులలో కుమారిలభట్టు అనుయాయుల మతంలో పదాలు ముందు తమ తమ అర్థాలను విడివిడిగా చెబుతాయి, ఆ అర్థాలు తరువాత కలిసి వాక్యార్థమవుతాయి. దీనిని ‘అభిహితాన్వయం’ అంటారు. ప్రభాకరుడి అనుయాయులు దీనికి ఒప్పుకోలేదు. పదం ఎప్పుడూ మరో పదంతో పొత్తు కుదిరిన అర్థాన్నే చెబుతుందని, పిల్లవాడు మొదట విన్నది వాక్యాన్నే కాని విడి పదాన్ని కాదని వారి వాదం, ఇది ‘అన్వితాభిధానం’. ఇంతేకాక, తొలి శక్తిగ్రహం చేయదగిన పనిని బోధించే విధివాక్యాల ద్వారానే జరుగుతుందని కూడా వారు పట్టుపట్టారు. పదాల పట్టికనూ బొమ్మల జతనూ నమ్ముకున్న ఆట తెలియకుండానే కుమారిల పక్షాన నిలుస్తుంది; ఎర్ర బంతిని పెట్టెలో వెయ్యమనీ, కుక్కను చెట్టు వెనక దాచమనీ ఆజ్ఞాపించి పిల్ల వేలితో ఆ పని చేయించే ఆట ప్రభాకర పక్షానికి దగ్గరవుతుంది. చిన్నపిల్లల విషయంలో రెండవదానికే బలం ఎక్కువ. ఎందుకంటే అక్కడ పదం తనతోపాటు విభక్తినీ స్థలాన్నీ క్రియనూ మోసుకుని వస్తుంది. తెలుగులో ‘లో’, ‘మీద’, ‘వెనక’ నామం తరువాత వచ్చి చేరితే ఇంగ్లీషులో ఆ మాటలు ముందే నిలబడతాయన్న తేడా ఏ పట్టికా చెప్పకుండా చేతికి అలవాటవుతుంది. అయితే అర్థగ్రహణానికి ఆజ్ఞ తప్పనిసరి అన్న మాటను అన్నంభట్టు అంగీకరించలేదు. విచ్చిన తామరలో మధుకరం ఉందని విన్నవాడు, తామర అన్న మాట ముందే తెలిసినవాడైతే, పూవులోని తుమ్మెదను చూసి మధుకరమంటే అదేనని గ్రహిస్తాడు. ఇక్కడ ఎవరూ ఎవరినీ ఏ పనికీ పురమాయించలేదు, తెలిసిన మాట పక్కన కూర్చోవడమే తెలియని మాటకు వెలుగైంది. వాక్యంలో ఒక్క ఖాళీని మాత్రమే వదిలి చుట్టూ తెలిసిన మాటలు పేర్చే ఆటకు ఇంతకంటే మంచి శాస్త్రసమర్థన అక్కరలేదు. ఖాళీ చుట్టూ ఉన్న మాటలు కూడా తెలియనివైతే అది ఆట కాదు, చీకట్లో చేయి పెట్టడం.

ఈ విచారం పూర్వపు విశాఖపట్నం ప్రాంతంలో గ్రంథాలకే పరిమితం కాలేదు. 1906 ప్రాంతంలో ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్, భాషను అనువాదం ద్వారా కాక వాడుక ద్వారా నేర్పే ప్రత్యక్ష పద్ధతిని ప్రోత్సహించాడు. ఇంగ్లీషును ఆ పద్ధతిలో చెప్పబోయినప్పుడు, తెలుగు పాఠాల భాషకూ పిల్లల నోటి భాషకూ ఎందుకింత దూరమన్న ప్రశ్న ఆయనకు ఎదురైంది. ఆ ప్రశ్న విశాఖపట్నంలో మిసెస్ ఎ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారును, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తిని, విజయనగరంలో గురజాడ అప్పారావును కదిలించి వ్యావహారిక భాషోద్యమానికి దారి తీసింది. ఇంగ్లీషు మాటలు పిల్లలకు ఎలా నేర్పాలన్న చిన్న ప్రశ్న తెలుగు రాతనే మార్చివేసిందన్న సంగతి ఈ ప్రాంతంవారు తరచుగా గుర్తుచేసుకోదగినది. న్యాయశాస్త్రం చెప్పిన వృద్ధవ్యవహారమూ, గిడుగు పోరాడిన వ్యావహారికమూ ఒకే ధాతువు నుంచి పుట్టిన మాటలు కావడం కేవలం యాదృచ్ఛికం కాదు. పనిలో పెట్టిన మాటే మాట అన్న ఒకే నమ్మకం రెండింటికీ మూలంలో ఉంది. గిడుగు సవరల భాషను సవరల నోట విని నేర్చుకుని, వారి పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పడానికి పుస్తకాలు రాసి, 1931లో సవర వ్యాకరణాన్నీ 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువునూ వెలువరించాడు. నిఘంటువు ఆయన శ్రమకు చివరి ఫలం. వ్యవహారం మొదటి మెట్టు. ఆటలు తయారుచేసేవారు తరచుగా నిఘంటువుతో మొదలుపెడతారు.

ఇక ఫలం సంగతి. శాస్త్రంలో ‘గుడజిహ్వికా న్యాయం’ అని ఒకటుంది: చేదు మందు మింగనని మారాం చేసే బిడ్డ నాలుకకు బెల్లం రాసి మందు మింగించడం. కష్టసాధ్యమైన కర్మలకు తియ్యని ఫలాలను శాస్త్రం ఎందుకు ఆశచూపుతుందన్న ప్రశ్నకు వ్యాఖ్యాతలు ఈ న్యాయాన్ని సమాధానంగా చెబుతారు. దేశంలో పేరుపొందిన బెల్లం మార్కెట్ ఉన్న అనకాపల్లి పేరు మీద ఏర్పడిన జిల్లాలో ఈ న్యాయాన్ని విడమరచి చెప్పనక్కరలేదు. ఆటలోని నక్షత్రాలూ పాయింట్లూ పతకాలూ బెల్లమే. దర్శనకారులు బెల్లాన్ని తప్పుపట్టలేదు. కాని ఆ న్యాయం ఒక షరతు మీద నిలబడి ఉంది: మందు పనిచేశాక బిడ్డకు బెల్లంతో అవసరం తీరిపోవాలి. బెల్లమే ఆహారమైపోతే మందు ఎప్పటికీ చేదుగానే మిగులుతుంది. 1973లో అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రకటించిన ప్రయోగం దీనికి దగ్గరగా వస్తుంది: బొమ్మలు గీయడం సహజంగా ఇష్టపడే శిశుపాఠశాల పిల్లలలో, గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పించుకుని గీసినవారు, తరువాత బహుమతి లేని వేళలలో మిగిలినవారికంటే తక్కువసేపు ఆ బొమ్మల జోలికి వెళ్లారు. ఇష్టమున్న చోట బెల్లం పూస్తే ఇష్టమే మందుగా మారింది.

ఆటకు ఫలం ఉండవచ్చునా అన్నది ఇంకా లోతైన ప్రశ్న. ఏ కొరతా లేని ఈశ్వరుడు జగత్తును ఎందుకు సృష్టించాడన్న ఆక్షేపణకు బ్రహ్మసూత్రాలు చెప్పిన సమాధానం లీల. కోరికలన్నీ తీరిన రాజు వినోదానికి ఆడే ఆటను, ఏ ప్రయోజనాన్నీ ఉద్దేశించకుండా సాగే ఉచ్ఛ్వాస నిశ్వాసాలను శంకరాచార్యులు భాష్యంలో ఉదాహరించి, లోకంలోని ఆటలలో ఏదో సూక్ష్మ ప్రయోజనాన్ని ఊహించవచ్చునేమో గాని ఈశ్వరలీలలో అదీ లేదన్నారు. ఈ కొలతతో చూస్తే పాఠం కోసం కల్పించిన ఆట లీల కానే కాదు. అది ఆట వేషం వేసుకున్న కర్మ. అయినా తెలుగు ఇళ్లలో ఈ రెండింటినీ ఒక పటం మీద కలిపిన ఆట తరతరాలుగా ఉంది. వైకుంఠపాళి, లేదా పరమపద సోపాన పటంలో నిచ్చెనలకు భక్తి, జ్ఞానం, వైరాగ్యం వంటి పేర్లు, పాములకు రాక్షసుల పేర్లు ఉంటాయి. గవ్వలు వేసి, కాయలు జరిపి, చిట్టచివరి పరమపదానికి చేరాలి. ముక్కోటి ఏకాదశి జాగరణలో ఆ పటం ముందు కూర్చున్న పిల్లలు వైరాగ్యమన్న మాటను దాని అర్థం తెలిసే వయసుకు ఎన్నో ఏళ్ల ముందే నోట పలికారు. ఎవరూ వారిని ఆ మాటకు అర్థం అడగలేదు, చెప్పినందుకు పాయింట్లూ ఇవ్వలేదు. మాట అక్కడ దాటవలసిన గడి, ఎక్కవలసిన నిచ్చెన; ఆడుతున్నవారికి దానితో పని ఉంది. అర్థం తరువాతి జీవితంలో, పెద్దల నోట, ఒక చావు దగ్గరనో ఒక పురాణ కాలక్షేపంలోనో వచ్చి ఆ మాటను వెదుక్కుని చేరింది.

ఇక్కడే ఒక విభాగం స్పష్టమవుతుంది. కొన్ని ఆటలలో పదం పందెం, అంటే పదం చెబితే గెలుపు. కొన్నిటిలో పదం పనిముట్టు, అంటే గెలవడానికో ఆట ముందుకు నడవడానికో పదం కావాలి. నర్సీపట్నంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఖాళీ స్థలాలలో క్రికెట్ ఆడే పిల్లలు ఔట్, నాటౌట్, వైడ్, నోబాల్, రనౌట్ అన్న మాటలను ఎవరి దగ్గరా పాఠంగా చెప్పించుకోలేదు. వైడ్ అన్నందుకు ఎవరూ నక్షత్రం ఇవ్వలేదు. అనకపోతే ఒక పరుగు పోతుంది, వాదులాట మొదలవుతుంది. రనౌటుకూ స్టంపౌటుకూ తేడాను ఆ పిల్లలు నిఘంటుకారుడికి తీసిపోకుండా చెప్పగలరు. పెద్దవాడికి నిజంగా ఆవు కావలసి వచ్చినట్టే ఈ పిల్లలకు నిజంగా ఆ మాట కావలసి వచ్చింది. ఆన్‌లైన్ ఆటలకూ ఇదే వర్తిస్తుంది: జతగా ఆడేవారిలో ఒకరికి పటం, మరొకరికి దారి కనిపించి, ఎడమకు తిరగమనో, నీలం తలుపు తెరవమనో ఇంగ్లీషులో చెప్పుకుంటే తప్ప ముందుకు సాగలేని ఆటలో పదం పనిముట్టు, పది బొమ్మలకు పది పేర్లు నొక్కి పతకం గెలిచే ఆటలో పదం పందెం. రెండవది నిరుపయోగం కాదు, పరిచయానికి అది చాలు. పరిచయాన్ని చదువుగా లెక్కవేయడమే పొరపాటు.

పందెపు ఫలాన్ని ఇతరులకు మళ్లించిన ఆట ఒకటి ఈ చర్చలో ప్రత్యేకంగా చెప్పుకోదగినది. 2007లో అమెరికాలో మొదలై తరువాత ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమం చేతికి వచ్చిన ‘ఫ్రీ రైస్’ అనే ఆన్‌లైన్ ఆట ఇంగ్లీషు పదాల అర్థాలను అడిగేది. సరైన ప్రతి జవాబుకూ పది బియ్యపు గింజలు ఆకలిగొన్నవారికి చేరేలా ఏర్పాటు చేశారు. అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో పోసిన బియ్యం మీద బిడ్డ వేలు పట్టి ఓనమాలు దిద్దించే సంప్రదాయంలో పెరిగినవారికి అక్షరానికీ బియ్యానికీ కుదిరిన ఈ పొత్తు కొత్తగా అనిపించదు. ఫలం తనది కాదని తెలిసి పని చేయడమన్న గీతాభావం ఒక పిల్లల ఆటలో ఇంత సరళంగా ఇమడడం ముచ్చటైన విషయమే. అర్థగ్రహణం దృష్ట్యా మాత్రం పదం అక్కడా పందెంగానే ఉండిపోయింది, మారినది ఫలభోక్త.

పనిముట్టుగా మారడానికి పదానికి కావలసినది ఖరీదైన ఆట కాదు, మరో మనిషి. అన్నంభట్టు దృశ్యంలో ముగ్గురున్నారు: చెప్పేవాడు, చేసేవాడు, చూసేవాడు. ఒక్కొక్కరికి ఒక్కొక్క తెర ఇచ్చినప్పుడు ఈ ముగ్గురూ ఒక్క పిల్లలోకి కుదించుకుపోతారు. చెప్పేది యంత్రం, చేసేదీ చూసేదీ తానే. ఒకే తెరను కొందరు పిల్లలు పంచుకోవలసి రావడాన్ని వసతుల లోపంగా నివేదికలు లెక్కవేస్తాయి. కాని 1999లో ఢిల్లీ కల్కాజీలో పరిశోధకుడు సుగతా మిత్ర గోడకు అమర్చి వదిలేసిన కంప్యూటరు చుట్టూ చేరిన పిల్లలు గుంపుగానే దానిని నేర్చుకున్నారు: ఒకరు నడిపితే మరొకరు ఇలా కాదు అలా అన్నారు, వెనక నిలబడినవారు మౌనంగా చూసి తమ వంతు కోసం వేచి ఉన్నారు. పదాల ఆట పెట్టిన ఒక ట్యాబ్ చుట్టూ ముగ్గురు పిల్లలు ఒరుసుకుని కూర్చున్నప్పుడు, ఎర్ర బంతిని ఆ పెట్టెలో కాదు ఈ పెట్టెలో వెయ్యమని ఒకరు సగం తెలుగులో సగం ఇంగ్లీషులో తొందరపెడతారు, రెండవవారు వేలితో బంతిని లాగుతారు, ఇంకా ఆ మాట రాని మూడవ పిల్ల వారిద్దరి భుజాల మధ్య నుంచి తల దూర్చి చూస్తూ ఉంటుంది.